అరగని ఉప్పుకాగితాలు

ఆమెను ఇంట్లోనూ షెడ్డులోనూ పులి అని పిలుస్తారు. ధైర్యం చూసి పెట్టిన పేరేమీ కాదు. ఆమె నాన్న ఫైబర్ పడవలు చేసేవాడు. బడికి వెళ్ళే వయసులో ఒకరోజు, కొత్తగా చేసి ఆరబెట్టిన పడవ అడుగున ఆమెకు తడి కనబడింది. "నాన్నా, పడవ కారుతోంది!" అని ఒకటే అరుపు. పనివాళ్ళంతా చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొచ్చారు. తీరా చూస్తే, అన్నయ్య తాగగా మిగిలి ఒంపేసిన చెంబు నీళ్ళు. ఆ పడవ ఇంకా నీళ్ళ మొహమే చూడలేదు, కారడమెక్కడిది? ఆ పూటే అన్నయ్య "నాన్నా పులి" కథ ఎత్తుకుని ఆ పేరు ఆమె నెత్తిన పెట్టాడు. ఇప్పుడు ఆమెకు జుట్టు నెరిసింది గానీ పేరు మాత్రం అలాగే ఉంది.

పేరుకు తగ్గట్టే బతుకూ నడిచింది. తాళం వేశాక పట్టుకుని గుంజి చూస్తుంది, నాలుగడుగులు వేసి మళ్ళీ వచ్చి గుంజుతుంది. వీధి మలుపు దాటాక గ్యాసు కట్టేశానో లేదోనని గుండె జారుతుంది. భర్త పోస్టాఫీసులో గుమస్తా, నెమ్మదస్తుడు. ఆమె వెనక్కి పరిగెత్తినప్పుడల్లా ఆయన ఆ మలుపులోనే నిలబడి పేపరు తీసి చదువుకుంటాడు. "నీ చాదస్తం పుణ్యమా అని నాకు లోకజ్ఞానం పెరిగిపోతోంది" అంటాడు. ఇన్నేళ్ళలో గ్యాసు ఒక్కసారైనా వదిలేసి ఉండలేదు, తాళం ఒక్కసారైనా ఊడి ఉండలేదు. అలాంటప్పుడు భయం తగ్గాలి కదా అని ఎవరైనా అనొచ్చు. అది భయం సంగతి తెలియనివాళ్ళు అనే మాట.

అయితే ఫైబర్ పనికి ఆ గుణం బాగా పనికొచ్చింది. రేకుతో చేసిన కారైతే వంకర పోయిన చోట సుత్తితో నచ్చజెప్పొచ్చు. ఫైబర్ ప్యానెల్‌కి నచ్చజెప్పడమనేది ఉండదు. కొడితే పగులుతుంది, వంచితే అలిగి కూర్చుంటుంది. పెట్టి చూడాలి, తీయాలి, అంచు అరగదీయాలి, మళ్ళీ పెట్టి చూడాలి. తలుపుకీ మడ్‌గార్డుకీ మధ్య సందు పైనుంచి కిందదాకా ఒకే తీరున రావాలంటే, వచ్చిందని నమ్మని మనిషి కావాలి. పులి దేన్నీ నమ్మదు. ఆమె అమర్చిన తలుపు సందులో వేలిగోరు పెట్టి పైనుంచి కిందికి లాగితే ఎక్కడా తట్టుకోదు. నాన్న పోయాక అన్నయ్య ఇంజన్ల వైపు వెళ్ళాడు, ఆమె జిగురూ, ఫైబర్‌కి వాడే గాజునారా పట్టుకుని ఇటే ఉండిపోయింది. పాత కార్లు బాగుచేసే ఆ షెడ్డు ఇద్దరిదీ.

ఆ ఏడాది షెడ్డులోకి ఒక పాత స్పోర్ట్స్ కారు వచ్చింది. రెండే సీట్లు, పైకప్పు లేదు, ఒళ్ళంతా ఫైబరే, స్టీరింగు ఎడమ పక్కన. ఒక పళ్ళ డాక్టరు కుర్రతనంలో కొనుక్కుని, ఎక్కడో గుద్ది, దుప్పటి కప్పి దాచుకున్నాడు. ముందు మడ్‌గార్డులు రెండూ పొడి పొడి అయిపోయాయి. వాటి అచ్చులు ఉన్నవాళ్ళ దగ్గర కొత్తవి చేయించి తెప్పించారు. ఇక వాటిని కారుకి అతికించాలి.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దానిమీదే ఉంది. ఫైబర్ వస్తువు అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి అచ్చుకి మైనం పూస్తారు. ఆ మైనం కొంచెం వస్తువుకీ అంటుకుని వచ్చేస్తుంది. కంటికి కనబడదు, మహా అయితే ఒక నిగనిగ. అతికించే ముందు ఆ అంచుల్ని ఉప్పుకాగితంతో గరుకుగా రుద్ది మైనం వదిలించాలి. రుద్దాక నీళ్ళు పోసి చూడాలి. నీళ్ళు పల్చగా పరుచుకుంటే మైనం పోయినట్టు, ముత్యాల్లా విడిపోతే ఉన్నట్టు. మైనం మీద జిగురు పెట్టినా అతుక్కున్నట్టే ఉంటుంది. రంగు వేసినా, తుడిచినా, మీద చెయ్యి వేసి నిలబడినా కదలదు. రోడ్డెక్కి వేగం అందుకుని, చక్రం దగ్గర గాలి దూరి కిందనుంచి ఎత్తడం మొదలుపెట్టినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

మడ్‌గార్డులు అతికించిన రోజే వదినకి ఆస్పత్రిలో పరీక్ష ఉండింది. రొమ్ములో గడ్డ లాంటిది తగిలిందని సూది పెట్టి చూస్తామన్నారు. పులికి వదిన అంటే ప్రాణం. ఆ పొద్దున ఎడమ మడ్‌గార్డు పని ఆమె చేతులు చేశాయి గానీ మనసు అక్కడ లేదు. అది బిగించేసి, మధ్యాహ్నం వదినని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళింది. అన్నయ్య రాలేదు. "కుడి వైపు నేను అతికించేస్తాను, మీరిద్దరూ వెళ్ళి రండి. సూది గుచ్చితే ప్రాణం పోతుందా ఏంటి?" అన్నాడు. ఈల వేసుకుంటూ జిగురు కలపడానికి వెళ్ళిపోయాడు.

ఆస్పత్రి వరండాలో వదిన నవ్వుతూనే అంది. "చూశావుటమ్మా ఆడపడుచూ, మీ అన్నది గుండె కాదు, ఇంజను. పెట్రోలు పోస్తే నడుస్తుంది, అంతే." నవ్వుతూనే అంది గానీ, చున్నీ అంచుని వేలికి చుట్టి విప్పి చుట్టి నలిపేసింది.

గడ్డ మంచిదేనని, భయం లేదని తర్వాత తేలింది. ఆ కబురు విన్న రోజు అన్నయ్య వదినతో ఒక్కటే మాటన్నాడు. "రంగు పని అయిపోనీ, పళ్ళ డాక్టరుకి అప్పగించే ముందు ఆ కారులో నిన్ను పెద్ద రోడ్డు మీద గాలిలా తిప్పి తీసుకొస్తా." పెళ్ళైన ఇన్నేళ్ళలో వదిన ఆ షెడ్డు కార్లలో ఒక్కదానిలోనూ కూర్చోలేదు. జుట్టు ఎగరకుండా కట్టుకోవడానికి పసుపుపచ్చ స్కార్ఫు కొనుక్కుంది. కొని, రోజూ అద్దం ముందు కట్టుకుని చూసుకుంటోందని పులికి తెలుసు.

ఆ షికారు రోజు రానే వచ్చింది. కారు ముదురాకుపచ్చగా మెరిసిపోతోంది. అన్నయ్య టైర్లలో గాలి చూస్తున్నాడు. పులి ఊరికే ఉండలేక తన బల్ల సర్దుతోంది. జిగురు కలిపే రేకు పళ్ళెం ఎత్తింది. కింద రెండు ఉప్పుకాగితం ముక్కలు ఉన్నాయి.

ఆమె వాటిని తిప్పి చూసింది. ఒకటి ముతకది, ఒకటి సన్నది. రెండూ కొత్తవి. అంచులు పదునుగా ఉన్నాయి, గరుకు గరుకుగానే ఉంది. ఒక్కో మడ్‌గార్డుకి ఒక ముతక, ఒక సన్నం చొప్పున ముక్కలు కోసి పెట్టుకోవడం నాన్న నాటి పద్ధతి. ఆ రోజు పొద్దున రెండు మడ్‌గార్డులకీ తనే కోసి పెట్టింది. ఇప్పుడు రెండు ముక్కలు అరగకుండా ఉన్నాయంటే, ఒక మడ్‌గార్డుకి మైనం తీయలేదన్నమాట.

పులి ముక్కలు రెండూ అరచేతిలో పెట్టుకుని కారు వైపు చూసింది.

గుర్తు తెచ్చుకోవాలని చూసింది. ఎడమ మడ్‌గార్డు రుద్దానా? రుద్దే ఉంటాను. రోజూ రుద్దుతాను కదా. అదే వచ్చిన చిక్కు. రోజూ చేసే పని గుర్తుండదు, తాళం వేసిన సంగతి గుర్తుండనట్టే. నీళ్ళు పోశానా? నీళ్ళ మగ్గు పట్టుకున్నట్టు గుర్తుంది, అది ఆ రోజో ముందు వారమో తెలియదు. ఆ పొద్దున గుర్తున్నదల్లా ఒక్కటే, వదిన గడ్డ తగిలిన చోటు చూపిస్తూ తన చెయ్యి తీసుకుని అక్కడ పెట్టుకున్న సంగతి.

"అన్నయ్యా, ఆ రోజు నీ వైపు మైనం రుద్దావా?" అని అడిగింది.

అన్నయ్య టైరు మీదనుంచి తల కూడా ఎత్తలేదు. "రుద్దకుండా అతికిస్తానా? నేనేమైనా నిన్నగాక మొన్న పనిలో చేరానా?"

అయితే ఇంకేముంది. రుద్దనిది తనే.

బల్ల సొరుగులోంచి నాణెం తీసి ఎడమ మడ్‌గార్డు అంచు పొడుగునా టకటకా తట్టుకుంటూ వెళ్ళింది. లోపల బోలు ఉంటే డబడబమంటుంది. ఎక్కడా అనలేదు. అది విని ఊరట పడదామనుకుంది గానీ, ఆమెకు పని తెలుసు. జిగురు లేని చోటు నాణెం చెబుతుంది, పట్టులేని జిగురు సంగతి చెప్పదు. ఈ పక్కన, స్టీరింగు ముందర, కూర్చునేది అన్నయ్య. వేగంలో ఉండగా మడ్‌గార్డు లేచి ముఖానికి వచ్చిందంటే స్టీరింగు వదిలేస్తాడు. అటు పక్కన వదిన. ఆస్పత్రి గండం గట్టెక్కిన మనిషి స్కార్ఫు కట్టుకుని నవ్వుతూ కూర్చుని ఉంటుంది.

"అన్నయ్యా, ఇవాళ వద్దు" అంది.

"ఏం, పులొచ్చిందా?"

"ఎడమ మడ్‌గార్డు మైనం తీశానో లేదో గుర్తు లేదు."

అన్నయ్య లేచి చేతులు తుడుచుకున్నాడు. కోపం లేదు, ఓపిక ఉంది. కోపమైనా బాగుండేది. "మొన్న బ్రేకు పైపు గట్టిగా లేదన్నావు, విప్పి చూశాను. సీటు బోల్టులన్నావు, చూశాను. పెట్రోలు ట్యాంకు వాసనన్నావు. అది నీ చేతికంటిన వాసనే. ఇప్పుడు మడ్‌గార్డు. తాడు కనబడ్డప్పుడల్లా పామంటే ఎలాగే?"

"ఈ కాగితాలు చూడు, అరగలేదు."

"ఎక్కువ కోసి ఉంటావు. భయానికి నువ్వు అన్నీ ఎక్కువే కోస్తావు." ఆమె తల మీద చిన్నగా ఒకటి మొట్టి, ముఖం కడుక్కోవడానికి పెరటి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. "వదిన తయారవుతోంది. దాని ముందు ఈ మాట ఎత్తకు. పాపం, ఎన్నాళ్ళనుంచో చూస్తోంది."

అన్నయ్య చెప్పింది అబద్ధమా? కాదు. ఎక్కువ కోసే ఉండొచ్చు. ఇన్నేళ్ళూ తన భయం ఒక్కసారీ నిజం కాలేదు. ఇది కూడా కాదేమో. ఇది మామూలు భయమా, అసలు భయమా అని లోపల తడుముకుంది. రెండూ ఒకలాగే ఉన్నాయి. గ్యాసు కోసం వెనక్కి పరిగెత్తినప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో ఇప్పుడూ అలాగే కొట్టుకుంటోంది. ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ కూడా కాదు. ఆమెను అన్నిటికన్నా భయపెట్టింది అదే.

కారు తాళంచెవి కొక్కేనికి వేలాడుతోంది. తీసి జాకెట్లో దోపుకుంది. మరుక్షణం సిగ్గేసి మళ్ళీ కొక్కేనికి తగిలించింది. ఇవాళ దాచితే రేపు తీసుకెళ్తారు. డాక్టరు ఎల్లుండి తీసుకెళ్తాడు. షెడ్డుని ఆనుకున్న ఇంట్లోంచి వదిన గొంతు వినబడింది. "ఏవండీ, కళ్ళజోడు పెట్టుకోవాలా, గాలికి ఎగిరిపోతుందా?"

పులి బల్ల మీదనుంచి వెడల్పు ఉలి, రబ్బరు సుత్తి తీసుకుంది.

తెలుసుకునే దారి ఒకటే. ఊడదీసి చూడటం. పట్టు లేకపోతే చేతిలోకి వచ్చేస్తుంది. పట్టు ఉంటే, ఇంత కష్టపడి వేసిన రంగూ, ఇంత ఓపిగ్గా కలిపిన సందూ, అన్నీ నాశనం. డాక్టరు ముందు అన్నయ్య తలెత్తుకోలేడు. ఇక ఈ జన్మలో తన మాట ఎవరూ వినరు. అవన్నీ తెలిసే ఆమె చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమ మడ్‌గార్డు లోపలి అంచున ఉలి ఆనించింది. ఉలి జారి రంగు మీద గీత గీసింది. సుత్తి ఎత్తి కొట్టింది.

కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టింది. మూడో దెబ్బకి ఫైబర్ పెటిల్లుమని చీలింది. అతుకు మాత్రం ఊడలేదు. గాజునార పోగులు పోగులుగా తెగి, సగం జిగురుకే కరుచుకుని ఉండిపోయింది. మైనం ఉన్న అతుకు అలా చీలదు. ఎడమ మడ్‌గార్డు పట్టు రాయిలా ఉంది. ఆమె రుద్దింది. నీళ్ళు పోసింది. అన్నీ సరిగ్గానే చేసింది. ఎప్పటిలాగే.

చప్పుడుకి అన్నయ్య తడి ముఖంతోనే పరిగెత్తుకొచ్చాడు. చీలిన మడ్‌గార్డు చూశాడు, ఆమె చేతిలో ఉలి చూశాడు.

"చూశావా, ఎంత గట్టిగా ఉందో?" అన్నాడు. "తృప్తేనా?"

పులికి ఏడుపొచ్చింది. మనసు తేలికపడినందుకా, సిగ్గుకా అన్నది ఆమెకే తెలియదు. కొంగుతో ముఖం తుడుచుకుంటే గాజు నలుసులు చెంపకి గుచ్చుకున్నాయి. లేవబోతుంటే నడుముకి దోపుకున్న ఆ రెండు కాగితం ముక్కలూ జారి కింద పడ్డాయి. ఆమె వాటినే చూస్తూ, గొడవకి కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"నాది రుద్దాను కదా. మరి ఇవెవరివి అన్నయ్యా?"

అన్నయ్య నోరు తెరిచాడు. ఏదో హాస్యమాడటానికే తెరిచి ఉంటాడు. కింద పడ్డ ముక్కల్ని చూశాడు. వంగి తీసుకుని, బొటనవేలితో ఒకదాని గరుకు రాసి చూశాడు. తర్వాత ఆమె చేతిలోంచి ఉలి తీసుకుని, కారు ముందునుంచి చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళాడు. సుత్తి తీసుకోలేదు.

పులి ఈవలనుంచే చూస్తోంది. అన్నయ్య కూర్చున్నాడు. ఉలి మొన అతుకులో పెట్టి ఊరికే తిప్పాడు. టప్పుమని చిన్న చప్పుడు. ఇంకో చోట తిప్పాడు, మళ్ళీ టప్పు. అంచు పొడుగునా అలా విడిపోతూ వచ్చింది. రెండు చేతులతో పట్టుకుని లాగితే, కుడి మడ్‌గార్డు ముందుభాగమంతా చిన్న పగులైనా లేకుండా అరటి తొక్కలా లేచొచ్చింది. దాని లోపలి అంచు నిగనిగలాడుతోంది. జిగురు జిగురుగానే ఉంది, మైనం మైనంగానే ఉంది.

ఆ పక్క సీటు వదినది.

అన్నయ్య మడ్‌గార్డు వదిలేసి నేల మీద చతికిలబడ్డాడు. పులి పరుగున వెళ్ళింది. ఆయన ముఖంలో రక్తం లేదు. పడవల కాలంనుంచి ఇవాళ్టిదాకా అన్నయ్య ముఖం ఆమె అలా చూడలేదు.

"రుద్దాననే అనుకున్నానే" అన్నాడు. "ప్రమాణం చేసి చెప్పమన్నా చెప్పేవాడిని. మీరు ఆటో ఎక్కడం చూశాను. తర్వాత ఏం చేశానో నాకేం గుర్తు లేదు. జిగురు కలిపానట, అతికించానట. మీరు తిరిగొచ్చేసరికి క్లాంపులు బిగించి ఉన్నాయి, అంతే తెలుసు నాకు."

"మరి ఈల వేసుకుంటూ వెళ్ళావు కదా!"

"ఏం చెయ్యను మరి? దాని ముందు ఏడవనా?" అన్నాడు అన్నయ్య. "నాకు చిన్నప్పటినుంచీ అన్నీ భయాలేనే. మన ఇంట్లో భయపడటానికి నువ్వున్నావు కదాని నేను ఊరుకునేవాణ్ణి."

పులి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి తన చేతిలాగే వణుకుతోంది. పడవ అడుగున చెంబెడు నీళ్ళు చూసినప్పటినుంచీ ఒంటరిగా మోస్తున్నాననుకున్న బరువు అది. దాని రెండో కొస ఇన్నాళ్ళూ ఈయన పట్టుకునే ఉన్నాడన్నమాట.

"అయ్యిందా మీ మంతనాలు?" అంటూ వదిన షెడ్డులోకి వచ్చింది. పసుపుపచ్చ స్కార్ఫు గడ్డం కింద ముడి వేసుకుంది, నల్ల కళ్ళజోడు పెట్టుకుంది. రెండడుగులు వేసి ఆగిపోయింది. చీలిన ఎడమ మడ్‌గార్డు, ఊడిన కుడి మడ్‌గార్డు, నేల మీద అన్నాచెల్లెళ్ళు.

"ఏమైంది?"

పులి గబుక్కున లేచింది. "ఏం లేదు వదినా. అంతా నా చాదస్తం. నేనే..."

"చాదస్తం కాదు" అన్నాడు అన్నయ్య, తల దించుకునే. "నేనే. నా వైపు మైనం తీయలేదు."

వదిన కళ్ళజోడు తీసింది. ఆ ఇంట కాపురానికొచ్చినప్పటినుంచీ మైనం మాట వింటున్న మనిషే కాబట్టి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వంగి ఆ నిగనిగలాడే అంచు మీద వేలు పెట్టి రాసింది. వేలు జర్రున జారింది.

"ఇది ఆ రోజు అతికించిందే కదూ?" అని అడిగింది. "నేను ఆస్పత్రికి వెళ్ళిన రోజు."

అన్నయ్య తలూపాడు.

రాయి గుండె అనో, పెట్రోలు ఇంజను అనో వదిన ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని పులి ఎదురుచూసింది. వదిన గడ్డం కింద ముడి విప్పి, గాజుపొడి లోపలికి పోకుండా ఆ కొత్త స్కార్ఫునే ముక్కుకీ నోటికీ అడ్డంగా కట్టుకుంది. మొగుడి పక్కన నేల మీద కూర్చుని, ఆయన గుప్పిట్లో నలిగిపోతున్న ఉప్పుకాగితాలు రెండూ మెల్లగా విడిపించి తీసుకుంది. ముతకది ఆయనకిచ్చి, సన్నది తను ఉంచుకుంది.

"రుద్దండి" అంది.

పులి నీళ్ళ మగ్గు తేవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది.